గోడ దిగి భుజమెక్కిన రేడియో

ట్రాన్సిస్టర్ రేడియో 1954లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. వినికిడి యంత్రాన్ని మినహాయిస్తే, మామూలు మనిషి జేబులో వేసుకునో భుజాన తగిలించుకునో తిరిగిన మొదటి ఎలక్ట్రానిక్ వస్తువు ఇదేనని చెప్పవచ్చు. తరవాతి కాలంలో వాక్‌మన్, పేజరు, సెల్‌ఫోను తెచ్చిన సుఖాలూ చిక్కులూ చాలావరకు ముందుగా దీనితోనే అనుభవంలోకి వచ్చాయి. కరెంటు లేని చోట కూడా లోకం సంగతులు వినిపించడం, ఎవరికి కావలసింది వాళ్లు వినగలగడం ఒకవైపు. అయిపోతూ ఉండే బ్యాటరీ, పక్కవాళ్లకు గోల, పారేసిన సెల్లుల చెత్త మరొకవైపు. తెలుగు పల్లెల్లో చాలా ఇళ్లకు కరెంటుకన్నా ముందు చేరిన ఆధునిక యంత్రం ఇది. అందుకే ఇక్కడి జ్ఞాపకాల్లో దానికి పెద్ద చోటు దక్కింది.

దీనికి ముందున్నది వాల్వు రేడియో. గాలి తీసేసిన గాజు బుడ్డిలో సన్నని తీగను కాగనిస్తే ఎలక్ట్రాన్లు వెలువడతాయి. ఆ ప్రవాహాన్ని అదుపులో పెట్టి, ఏరియల్ అందుకున్న బలహీనమైన సంకేతాన్ని స్పీకరును కదిలించేంత బలంగా మార్చడం వాల్వు పని. తీగను కాచడానికే బోలెడంత విద్యుత్తు ఖర్చయ్యేది. అది కాక, లోపలి ప్లేటుకు వేరుగా పదుల వోల్టుల కరెంటు అందించాలి. బ్యాటరీమీద నడిచే వాల్వు సెట్టుకు ఈ కారణంగానే రెండు వేర్వేరు బ్యాటరీలు కావలసి వచ్చేవి. అవి బరువైనవి, ఖరీదైనవి. మోసుకెళ్లే వాల్వు రేడియోలు లేకపోలేదు. అమెరికాలో జెనిత్ కంపెనీ 1942లో తెచ్చిన ట్రాన్స్-ఓషియానిక్ పేరున్న సెట్టే. అయితే అది చిన్న పెట్టెంత ఉండేది, దాన్ని చేతపట్టుకుని నడుస్తూ పాట వినడం కుదిరే పని కాదు.

భారతదేశంలో వాల్వు రేడియో పట్నంలో, కరెంటున్న కొద్ది ఇళ్లలో, గోడబల్లమీద ఉండేది. దానికి ఇంటికప్పు మీద ఒక కొననుంచి మరో కొనకు ఏరియల్ తీగ కట్టేవారు. 1947లో దేశంలో కరెంటు ఉన్న ఊళ్లు సుమారు 1,500. ఊళ్లేమో ఐదు లక్షలకు పైచిలుకు. అప్పటికి ఆకాశవాణికి ఉన్నవి ఆరు కేంద్రాలు: ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, లక్నో, తిరుచిరాపల్లి. వాటిలో ఒక్కటీ ఆంధ్ర ప్రాంతంలో లేదు. 1938లో మొదలైన మద్రాసు కేంద్రమే తెలుగు కార్యక్రమాలకు ఆధారం. నిజాం రాజ్యంలో 1935నుంచి దక్కన్ రేడియో నడుస్తూ ఉండేది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. 1950లో దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసింది. తెలుగులో ప్రసారం సమకూరింది గాని, దాన్ని పట్టుకోవలసిన యంత్రం ఇంకా జనానికి దూరంగానే ఉంది. పంచాయతీ ఆఫీసు దగ్గర పెట్టిన ఒక్క రేడియో చుట్టూ సాయంత్రం ఊరు కూడడం పల్లెటూరి శ్రోతకు ఉన్న ఏకైక మార్గం. దాని బ్యాటరీ దిగిపోతే, మళ్లీ వచ్చేదాకా ఊరంతటికీ వార్తలు లేనట్టే.

ఈ దూరాన్ని తగ్గించిన పరికరం న్యూజెర్సీలోని మరే హిల్ దగ్గర బెల్ ప్రయోగశాలలో పుట్టింది. 1947 డిసెంబరు 16న జాన్ బార్డీన్, వాల్టర్ బ్రటేన్ జెర్మేనియం ముక్కమీద రెండు బంగారు స్పర్శలు దగ్గరదగ్గరగా ఆనించి, ఒకదానిలో వేసిన చిన్న సంకేతం రెండోదానిలో పెద్దదై రావడం చూశారు. వారి బృందానికి పెద్ద అయిన విలియం షాక్లీ కొద్దివారాల్లోనే మరింత దృఢమైన జంక్షన్ ట్రాన్సిస్టర్‌ను ఊహించాడు. 1948 జూన్ 30న ఈ సంగతి ప్రపంచానికి ప్రకటించారు. ముగ్గురికీ 1956లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతి వచ్చింది. వాల్వులో తీగను కాచితే తప్ప జరగని పని ఇక్కడ ఘనపదార్థంలోనే, చల్లగా, కొద్ది వోల్టులతో జరుగుతుంది. కాచే బాధ్యత పోవడంతో బ్యాటరీ భారం ఒక్కసారిగా తగ్గింది. తరవాత జరిగినదంతా ఈ ఒక్క తగ్గుదలనుంచే వచ్చింది.

1952లో బెల్ సంస్థ 25,000 డాలర్లు కట్టిన కంపెనీలకు ట్రాన్సిస్టర్ తయారీ హక్కులు ఇచ్చింది. వినికిడి యంత్రాలు చేసేవారినుంచి మాత్రం రాయల్టీ తీసుకోలేదు. చెవిటివారికి చదువు చెప్పిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ పట్ల గౌరవంగా అలా చేశారు. కాబట్టి ట్రాన్సిస్టర్‌ను మొదట ఒంటిమీద ధరించినవాళ్లు వినికిడి తగ్గినవాళ్లు. సొనొటోన్ కంపెనీ 1952 చివర్లో తెచ్చిన యంత్రంలో రెండు వాల్వులతోపాటు ఒక ట్రాన్సిస్టర్ ఉండేది. జేబు రేడియోల గురించి రాసేటప్పుడు ఈ ఘట్టాన్ని దాటేయడం మామూలైపోయింది. కాని చిన్నదైన ఎలక్ట్రానిక్ వస్తువు మనిషికి చేసిన మొదటి ఉపకారం అదే, అత్యంత అవసరమైనదీ అదే.

వినికిడి యంత్రాల మార్కెట్టు చిన్నది. డల్లస్‌లోని టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ ట్రాన్సిస్టర్లను చౌకగా, పెద్ద సంఖ్యలో చేయదలచింది. అంత సంఖ్యలో కొనేవాళ్లు కావాలంటే ఇంటింటికీ పనికొచ్చే వస్తువు ఒకటి ఉండాలని ఆ సంస్థ నాయకుడు ప్యాట్రిక్ హాగర్టీ గట్టిగా నమ్మాడు. ఇండియానాపొలిస్‌లోని ఐడియా అనే కంపెనీతో కలిసి నెలల వ్యవధిలో రీజెన్సీ టిఆర్-1 తయారుచేయించాడు. 1954 అక్టోబరులో దాన్ని ప్రకటించి, నవంబరులో న్యూయార్కు, లాస్ ఏంజెలిస్‌లలో అమ్మకానికి పెట్టారు. నాలుగు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, 22.5 వోల్టుల బ్యాటరీ, వెల 49.95 డాలర్లు. శబ్దం సన్నగా, గరగరగా వచ్చేది. కొనుగోలుదారుల కోసం వస్తువులను పరీక్షించి చెప్పే కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక దాని ధ్వనిని బాగా తప్పుపట్టింది. అయినా ఏడాదిలో దాదాపు లక్ష సెట్లు అమ్ముడుపోయాయి. బల్లమీది వాల్వు రేడియో ఇచ్చేంత చక్కటి ధ్వని అక్కర్లేదని, వెంట ఉంటే చాలని జనం తేల్చిచెప్పారు. నాణ్యత కొంత పోయినా చేతికి అందుబాటులో ఉండడమే కావాలన్న ఈ ఎంపిక తరవాత క్యాసెట్టు విషయంలోనూ, సెల్‌ఫోను కెమెరా విషయంలోనూ మళ్లీ కనిపిస్తుంది.

వ్యాపారాన్ని అందిపుచ్చుకున్నది మాత్రం జపాను. యుద్ధంలో కూలిన టోక్యోలో 1946లో మసరు ఇబుకా, అకియో మొరిటా ఒక చిన్న కంపెనీ పెట్టారు. అమెరికానుంచి ట్రాన్సిస్టర్ హక్కులు తీసుకున్నారు. రేడియోకు కావలసిన హెచ్చు పౌనఃపున్యాల దగ్గర పనిచేసే ట్రాన్సిస్టర్ చేయడం అప్పట్లో తేలిక కాదు. ఆ పనిలో ఎదిగిన ఇంజనీర్లలో లియో ఎసాకి ఒకరు, 1973లో ఆయనకూ నోబెల్ వచ్చింది. 1955లో టిఆర్-55, 1957లో టిఆర్-63 వచ్చాయి. రెండోది జేబు రేడియోగా ప్రచారం పొందింది, కాని మామూలు చొక్కా జేబుకన్నా అది కాస్త పెద్దది. అమ్మకాలకు వెళ్లేవారికి జేబు పెద్దదిగా ఉండే చొక్కాలు కుట్టించామని మొరిటాయే తన ఆత్మకథలో రాసుకున్నాడు. 1958లో ఆ కంపెనీ పేరు సోనీగా మారింది. తరవాత తోషిబా, హిటాచి మొదలైన సంస్థలు తోడై కొన్నేళ్లలోనే జపాను సెట్లు ప్రపంచమంతా నిండాయి, ధరలు దిగాయి.

సెట్టు లోపల మరో మార్పు కూడా జరిగింది. ఇంటికప్పు మీది తీగ స్థానంలో ఫెరైట్ కడ్డీ వచ్చింది. వేలెడు పొడవున్న నల్లటి కడ్డీ చుట్టూ సన్నని రాగితీగ చుడితే మీడియం వేవు ప్రసారాలకు అదే ఏరియల్. కడ్డీ ప్రసారకేంద్రం వైపు అడ్డంగా తిరిగి ఉన్నప్పుడు సంకేతం బాగా అందుతుంది, దాని కొన అటు చూస్తే దాదాపు ఆగిపోతుంది. మాట సరిగా వినిపించనప్పుడు సెట్టును అటూ ఇటూ తిప్పి చూడడం, కిటికీలో ఒక మూలకు చేర్చి అక్కడే ఉంచడం అందరికీ అలవాటైన పనులు. వాటి వెనక ఉన్న సూత్రం ఇది. షార్టు వేవుకు మాత్రం లాగితే పొడవయ్యే గొట్టం ఏరియల్ ఉండేది. దాని కొస విరగని సెట్టు ఏ ఊళ్లోనూ ఎక్కువకాలం కనబడలేదు.

అధికారంలో ఉన్నవారు దీని బలాన్ని త్వరగానే గుర్తించారు. కైరోనుంచి 1953లో మొదలైన అరబ్బుల స్వరం ప్రసారాలు చవక సెట్లు వచ్చిన కొద్దీ అరబ్బు దేశాల పల్లెలకు చేరాయి. అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ అల్జీరియాలో జరిగింది. 1961 ఏప్రిల్‌లో అక్కడి ఫ్రెంచి సేనాపతులు కొందరు ప్రభుత్వంమీద తిరగబడ్డారు. అధ్యక్షుడు ద గాల్ ఏప్రిల్ 23న చేసిన ప్రసంగాన్ని బారకాసుల్లోని మామూలు సైనికులు సొంత ట్రాన్సిస్టర్లలో నేరుగా విన్నారు. తిరగబడిన అధికారుల ఆజ్ఞలు పాటించవద్దన్న ఆయన మాట మధ్యలో ఎవరూ ఆపలేని దారిన వాళ్లను చేరింది. తిరుగుబాటు కొద్దిరోజుల్లో కుప్పకూలింది. అంతకుముందు బారకాసులో రేడియో ఉంటే అది అధికారి గదిలో ఉండేది, ఏం వినాలో అతనే నిర్ణయించేవాడు.

భారతదేశానికి ట్రాన్సిస్టర్లు 1950ల చివర, 1960ల మొదట్లో వచ్చాయి. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1962లో జెర్మేనియం ట్రాన్సిస్టర్ల తయారీ మొదలుపెట్టింది. ఫిలిప్స్, మర్ఫీ, బుష్, నెల్కో పేర్లు ఇంటింటి మాటలయ్యాయి. మర్ఫీ ప్రకటనల్లోని పాపాయి బొమ్మ క్యాలెండర్ల మీద గోడలెక్కింది. విదేశీ సెట్లు కావాలనుకున్నవాళ్లు రేవుపట్నాల చాటు బజార్లలో వెతుక్కునేవారు. బర్మానుంచి తిరిగివచ్చిన కాందిశీకుల కోసం మద్రాసులో ఏర్పడిన బర్మా బజారు అలాంటి సరుకుకు పేరుపడింది. ట్రాన్సిస్టరు కొన్నవాళ్లు దానికి గుండ్రని చిల్లులున్న తోలు కవరు, భుజానికి పట్టీ వేయించేవారు. పాడైతే బాగుచేసే మెకానిక్కు దుకాణం ప్రతి చిన్న పట్నంలోనూ వెలిసింది. డయలు దారం తెగడం, స్టేషన్లు మార్చే గ్యాంగు కండెన్సరులో దుమ్ము చేరడం, స్పీకరు కాగితం చిరగడం అతనికి రోజువారీ పనులు. విప్పి, టంకం వేసి, మళ్లీ బిగించగల యంత్రం కావడంవల్ల ఒక్కో సెట్టు ఇరవై, ముప్ఫై ఏళ్లు బతికింది. ఇవాళ్టి చేతి పరికరాల్లో కరువైన గుణం ఇది. ట్రాన్సిస్టర్ల కాలంలో ఎలక్ట్రానిక్స్ చదవని కుర్రాళ్లు ఎందరో ఈ దుకాణాల్లోనే ఆ విద్య నేర్చుకుని జీవనోపాధి సంపాదించుకున్నారు.

ఆ రోజుల్లో రేడియో ఉండడానికి ప్రభుత్వ అనుమతి కావలసి వచ్చేది. 1885 టెలిగ్రాఫు చట్టం, 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కింద, లైసెన్సు లేకుండా సెట్టు దగ్గర ఉంచుకోవడం నేరంగా ఉండేది. 1927లో బొంబాయిలో సక్రమమైన ప్రసారాలు మొదలైనప్పుడు ఏడాదికి పది రూపాయల రుసుము ఉండేది. తరవాత మొత్తాలు మారినా పద్ధతి కొనసాగింది. ఏడాదికోసారి పోస్టాఫీసుకు వెళ్లి చిన్న పుస్తకంలో స్టాంపులు అంటించి ముద్ర వేయించుకోవలసి వచ్చేది. గోడమీది సెట్టుకు ఈ లెక్క సరిపోయింది. భుజాన తిరిగే సెట్టును ఎవరు వెతికి పట్టుకోగలరు? లైసెన్సు లేని ట్రాన్సిస్టర్లు పెరిగాయి. చివరకు 1980ల నడుమకు వచ్చేసరికి రేడియో లైసెన్సులు పూర్తిగా రద్దయ్యాయి.

ఈ సెట్లలో తెలుగువారు విన్నదేమిటి? ఢిల్లీనుంచి వచ్చే తెలుగు వార్తలు ముందు చెప్పుకోవాలి. తరవాత సినిమా నటుడిగా పేరుపొందిన కొంగర జగ్గయ్య ఒకప్పుడు ఆ వార్తలు చదివినవారే. 1962, 1965, 1971 యుద్ధాల రోజుల్లో వార్తల వేళకు ట్రాన్సిస్టరున్న అరుగు ముందు జనం గుమిగూడారు. హైదరాబాదు కేంద్రం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు ఇళ్లలో మనుషుల్లా కలిసిపోయారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లలకు ఆప్తులయ్యారు. విజయవాడనుంచి ఉషశ్రీ చెప్పిన రామాయణ భారతాలు 1970ల్లో ఆదివారం మధ్యాహ్నం ఇంటింటా వినిపించాయి. 1963లో కడపలోనూ విశాఖపట్నంలోనూ కేంద్రాలు ఏర్పడడంతో రాయలసీమకూ ఉత్తరాంధ్రకూ స్పష్టమైన మీడియం వేవు ప్రసారం దగ్గరైంది.

సినిమా పాటల కథ వేరు. 1952లో సమాచార మంత్రి అయిన బి.వి.కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలను బాగా తగ్గించారు. శ్రోతలు సింహళం (నేటి శ్రీలంక) నుంచి వచ్చే రేడియో సిలోనుకు మళ్లారు. రెండో ప్రపంచయుద్ధంలో మిత్రసైన్యాలు వాడిన బలమైన షార్టు వేవు ప్రసారయంత్రాలు యుద్ధం ముగిశాక రేడియో సిలోనుకు దక్కాయి. వాటిమీదుగా హిందీ పాటలతోపాటు తెలుగు పాటలూ వచ్చేవి. అక్కడి వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదురై గొంతు తెలుగు శ్రోతలకు బాగా పరిచయం. షార్టు వేవు తరంగాలు ఆకాశంలో ఎత్తున ఉన్న అయనావరణం మీద తగిలి కిందికి తిరిగొస్తాయి. ఆ పొర కదిలినప్పుడల్లా పాట దగ్గరికి వచ్చి దూరమయ్యేది. ముల్లును వెంట్రుకవాసి జరుపుతూ పాటను పట్టుకోవడం ఒక నేర్పు. ఆకాశవాణి 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలుపెట్టడానికి ఈ పోటీ ఒక ముఖ్య కారణం. ఏం వినాలో ప్రభుత్వం నిర్ణయించిన కాలంలో ముల్లు తిప్పే స్వేచ్ఛ శ్రోత చేతిలో ఉండిపోయింది. ఆ స్వేచ్ఛే ప్రభుత్వ విధానాన్ని మార్చింది.

వ్యవసాయానికి దీనివల్ల కలిగిన మేలు లెక్కించదగ్గది. 1956లో యునెస్కో సాయంతో పూనా పరిసరాల్లో దాదాపు 150 ఊళ్లలో రేడియో రైతు బృందాలు ఏర్పాటు చేసి చూశారు. రైతులు కలిసి కార్యక్రమం విని, చర్చించి, సందేహాలు కేంద్రానికి రాసి పంపేవారు. ఫలితం బాగుండడంతో 1959లో దేశమంతటికీ విస్తరించారు. 1966నుంచి ఆకాశవాణి కేంద్రాల్లో ప్రత్యేకంగా వ్యవసాయ, గృహ విభాగాలు ఏర్పడ్డాయి. హెచ్చు దిగుబడి వంగడాలు పొలాల్లోకి వస్తున్న రోజులవి. ఎరువు ఎంత వేయాలి, పురుగుకు ఏ మందు కొట్టాలి అన్న మాట పొలం గట్టుమీద వేలాడదీసిన సెట్టులోంచి వినిపించింది. తంజావూరు ప్రాంతంలో ఒక వరి వంగడాన్ని రైతులు రేడియో వరి అనే పిలిచారు. అయితే పంచాయతీ సెట్టు ముందు కలిసి విని మాట్లాడుకునే బృందాలు సొంత ట్రాన్సిస్టర్లు పెరిగేసరికి పలచబడ్డాయి. విన్నది గుర్తుంచుకోవడానికి ఒక్కడు సరిపోతాడు గాని, విన్నదాన్ని తరచి ప్రశ్నించడానికి పక్కన మరొకరు ఉండాలి. ఆ లోటు గురించి ప్రసారరంగంవారు తగినంతగా పట్టించుకోలేదు.

కోస్తాలో తుపానుల విషయంలో ఈ యంత్రం విలువ ప్రాణాలతో కొలవవలసినది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. ప్రభుత్వ లెక్కల్లోనే మృతులు పదివేలకు దగ్గర. హెచ్చరికలు ప్రసారమయ్యాయి. కాని వినే సెట్టు లేనివాళ్లు, విన్నా కదలడానికి చోటు, సాధనం లేనివాళ్లు తీరమంతా ఉన్నారు. 1990 మేలో అంతటి బలమున్న తుపాను మళ్లీ వచ్చినప్పుడు హెచ్చరికలు మెరుగై, లక్షలమందిని ముందే తరలించగలగడంతో మృతుల సంఖ్య సుమారు వెయ్యికి పరిమితమైంది. ఇందులో రేడియో పాత్ర ఒక భాగం మాత్రమే. తుపాను వేళ మొదట పోయేది కరెంటు. అప్పుడు మాట్లాడగలిగింది సెల్లులతో నడిచే ట్రాన్సిస్టరే. వేటకు వెళ్లే మత్స్యకారులకు వాతావరణ సూచనలు చదివే ఏర్పాటు కోస్తా కేంద్రాల్లో కొనసాగుతూ వచ్చింది.

ఇన్ని ఉపకారాలకూ ఖర్చు సెల్లుల దగ్గర తేలేది. సెట్టు ఒకసారి కొంటే సరిపోతుంది, సెల్లులు మాత్రం నెలనెలా కొనాలి. చాలా ట్రాన్సిస్టర్లలో శబ్దాన్ని పెంచే చివరి దశ ఎంత గట్టిగా మోగితే అంత కరెంటు లాగుతుంది. అందువల్ల పిల్లలు పాట పెద్దది చేస్తే పెద్దవాళ్లు కోప్పడ్డారంటే ఆ కోపంలో చెవి బాధకన్నా డబ్బు బాధ ఎక్కువ. దిగిపోయిన సెల్లులను ఎండలో పెట్టేవారు. వేడికి లోపలి రసాయన చర్య కాస్త చురుకై ఒక పూట పాట వినిపించేది. ఇంకా మూడునాలుగు వార్తలు రాబట్టాలని సెల్లుల వరస మార్చి పెట్టేవారు. కొత్త సెల్లుల మధ్య పాత సెల్లు ఒకటి చేర్చేవారు, దానివల్ల కొత్తవి కూడా త్వరగా దిగిపోతాయన్నది చాలామందికి తెలియదు.

జింకు, కార్బను సెల్లు నిర్మాణంలోనే ఒక లోపముంది. బయట కనిపించే జింకు డబ్బా తానే రసాయన చర్యలో కరిగిపోతూ విద్యుత్తునిస్తుంది. పూర్తిగా దిగిన సెల్లును సెట్టులో మరిచిపోతే డబ్బాకు చిల్లుపడి లోపలి ద్రవం కారుతుంది, స్ప్రింగులకు, రేకులకు చిలుము పడుతుంది. ఎన్నో మంచి సెట్లు ఇలాగే పోయాయి. పాత సెల్లులను పగలగొట్టి లోపలి నల్లటి పొడిని దొండాకు పసరుతో కలిపి బడిలో నల్లబల్లకు పూయడం తెలుగు ఊళ్లలో మామూలు. అప్పటి సెల్లుల్లో పాదరసం కూడా కొంత ఉండేది కాబట్టి పిల్లల చేత ఆ పని చేయించకుండా ఉండవలసింది. మిగతావి పెంటపోగుల్లో, కాలవల్లో కలిసిపోయాయి. వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదేనని చెప్పే నిబంధనలు అన్ని రకాల బ్యాటరీలకూ వర్తించేలా వచ్చింది 2022లోనే. సెల్లుల తయారీ ఈ నేలకు ఉపాధి కూడా ఇచ్చింది. జపాను సంస్థ మత్సుషితా సహకారంతో 1972లో ఏర్పడిన ఇండో నేషనల్ కంపెనీ నెల్లూరు కర్మాగారంలో చేసిన నిప్పో సెల్లులు దక్షిణాదిలో ఎవరెడీకి గట్టి పోటీ ఇచ్చాయి.

సామాజికంగా వచ్చిన చిక్కుల్లో బాధాకరమైనది కట్నం. వాచీ, సైకిలు, రేడియో అల్లుడికిచ్చే వస్తువుల జాబితాలో చేరిపోయాయి. అప్పుచేసి ట్రాన్సిస్టరు కొనిచ్చిన తండ్రులు చాలామంది. ఇంటికి వచ్చిన సెట్టు సాధారణంగా ఇంట్లో మగవాడి వెంట బయటికి వెళ్లేది. గోడమీది రేడియోను వంటింట్లోంచి ఆడవాళ్లు వినేవారు. భుజమెక్కిన రేడియో రచ్చబండకూ హోటలుకూ పోయింది. ప్రభుత్వం కూడా దీన్ని ఎరగా వాడింది. రాజమండ్రిలో పుట్టిన జనాభా శాస్త్రవేత్త శ్రీపతి చంద్రశేఖర్ 1967లో కేంద్ర ఆరోగ్య, కుటుంబ నియంత్రణ మంత్రి అయ్యాక, కు.ని. ఆపరేషను చేయించుకున్నవారికి ట్రాన్సిస్టర్ ఇవ్వాలని ప్రతిపాదించారు. పేదవాడి ఆశను అతని శరీరానికి సంబంధించిన నిర్ణయంతో ముడిపెట్టడం ఎంత మంచి లక్ష్యం కోసమైనా సమర్థించలేనిది.

చేతిలో తిరిగే వస్తువు ఎక్కడైనా వదిలేయగల వస్తువు కూడా. 1985 మే 10, 11 తేదీల్లో ఢిల్లీలోనూ పొరుగు రాష్ట్రాల్లోనూ బస్సుల్లో, జనం తిరిగే చోట్ల వదిలిన ట్రాన్సిస్టర్లలో దాచిన బాంబులు పేలి అనేకులు చనిపోయారు. దొరికిన రేడియోను తాకవద్దన్న హెచ్చరికలు రైళ్లలో, బస్టాండ్లలో చాలాకాలం వినిపించాయి.

1963లో ఫిలిప్స్ కంపెనీ చిన్న క్యాసెట్టు తెచ్చాక రేడియో, టేపు రికార్డరు ఒకే పెట్టెలో చేరాయి. దాన్ని జనం టూ-ఇన్-వన్ అన్నారు. కరీంనగర్, కడప, గోదావరి జిల్లాలనుంచి గల్ఫు దేశాలకు పనికి వెళ్లినవాళ్లు తిరిగివచ్చేటప్పుడు తెచ్చే సామానులో దానికి మొదటి స్థానం. 1979 జులై 1న సోనీ వాక్‌మన్ జపానులో అమ్మకానికి వచ్చింది. మొదటి సెట్టులో ఇద్దరు కలిసి వినడానికి రెండు హెడ్‌ఫోన్ రంధ్రాలు, మధ్యలో మాట్లాడుకోవడానికి ఒక మీట ఉండేవి. ఒంటరిగా వినడం మర్యాద కాదనే ఆలోచనతో పెట్టిన ఈ ఏర్పాటు తరవాతి నమూనాల్లో అదృశ్యమైంది. ట్రాన్సిస్టరుతో వచ్చిన ఒంటిచెవి గొట్టంతో పోలిస్తే రెండు చెవులనూ కప్పే హెడ్‌ఫోన్ శబ్దాన్ని చాలా దగ్గరికి తెచ్చింది. వారానికి 40 గంటలు వినేవారు 80 డెసిబెల్స్ దాటకుండా చూసుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెబుతున్న హద్దు. చెవి లోపలి సూక్ష్మకేశాలు ఒకసారి దెబ్బతింటే మళ్లీ పెరగవు.

హైదరాబాదులో 1977లో దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1980ల్లో టీవీలు పెరిగాక ట్రాన్సిస్టరు అటకెక్కింది. 2001నుంచి ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రాలు వచ్చి రేడియోకు కొత్త శ్రోతలను ఇచ్చాయి. అదే కాలంలో సెల్‌ఫోన్లలో ఎఫ్ఎం రేడియో చేరింది. అందులో చెవికి పెట్టుకునే తీగే ఏరియల్, తీగ తీస్తే రేడియో మూగబోతుంది. క్రమంగా చాలా ఫోన్లలో ఆ తీగ పెట్టుకునే రంధ్రమే లేకుండా పోయింది. పాటలు ఇంటర్‌నెట్‌మీద వస్తున్నాయి. ఇంటర్‌నెట్‌కు దగ్గరలో టవరు నిలబడి ఉండాలి, దానికి కరెంటు ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటుతోపాటు సెల్‌ఫోన్లూ రోజుల తరబడి పనిచేయలేదు. మీడియం వేవు రేడియోకు ప్రసారకేంద్రం వంద కిలోమీటర్ల అవతల ఉన్నా చాలు, ఇక్కడ రెండు సెల్లులుంటే మాట వినిపిస్తుంది. 2023లో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ ఫోన్ల తయారీదారుల సంఘాలకు ఒక సలహా పంపింది. ఎఫ్ఎం సదుపాయం ఉన్న ఫోన్లలో దాన్ని పనిచేయకుండా నిలిపివేయవద్దని, లేని వాటిలో చేర్చాలని, విపత్తు వేళల్లో అది ప్రాణాధారమని అందులో పేర్కొంది.